నొక్కితేనే వెలుగుతుంది

బందరు బస్టాండుకు కూతవేటు దూరంలో, టిఫిను కొట్టుకూ మందుల దుకాణానికీ నడుమ, ఒక మనిషి కూర్చుని మరొక మనిషి నిలబడగలిగినంత జాగాలో హిదాయతుల్లా కొట్టు ఉంది. ముప్పై ఏళ్ళు అతడు అక్కడే కూర్చుని ఊరివాళ్ళ గడియారాలు బాగుచేశాడు. సెల్‌ఫోన్లు వచ్చి చేతి గడియారాల పని తగ్గిపోయాక టార్చిలైట్ల మీద పడ్డాడు. కొట్టు పలక మాత్రం మారలేదు. "ఇచ్చట గడియారములు బాగుచేయబడును" అని ఉంటుంది. ఆ "బడును" తీసేయమని నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. ఎనిమిదో తరగతిలో అతనికి తెలుగు చెప్పినదాన్ని కనుక ఆ చనువు నాకుంది. చేసేవాడు ఎదురుగా కూర్చుని ఉండగా చేయబడడం ఏమిటి? "పలక మా నాన్న రాయించిందండీ, టీచరుగారూ" అని నవ్వి ఊరుకునేవాడు.

అతనికి ఇప్పుడు యాభై ఎనిమిదేళ్ళు. భూతద్దం ఆన్చి ఆన్చి ఎడమ కంటి చుట్టూ చిన్న గుంట పడింది. బాగుచేసిన వస్తువుకు అతడు ఏనాడూ గ్యారంటీ కాగితం ఇవ్వలేదు. నోటిమాట ఇచ్చేవాడు. రేపు పదింటికి అంటే మర్నాడు పదింటికి గడియారం నడుస్తూ ఉండేది. ఇది తిరగదు అంటే బెజవాడ తీసుకువెళ్ళినా తిరిగేది కాదు. అందుచేత ఆ చుట్టుపక్కల అతని మాటను ఎవరూ రెండోసారి అడగరు.

కిందటి ఎండాకాలంలో ముదినేపల్లి వైపు నుంచి రామబ్రహ్మం అనే పెద్దమనిషి వచ్చాడు. చేపల చెరువుల మీద కాపలా ఉండే ఇరవై నాలుగు మందిలో ఆయన పెద్ద. వేలెడంత ఉండి, బరువు లేకుండా, కరెంటుతో ఛార్జింగు ఎక్కే టార్చిలు మనిషికొకటి కావాలన్నాడు. హిదాయతుల్లా బెజవాడ వెళ్ళి తెచ్చాడు. పెట్టె మీద పాకెట్ టార్చి అని అచ్చు వేసి ఉంది. ముందు అద్దం, వెనక రబ్బరు బటను, అంతే. రామబ్రహ్మం బటను నొక్కి చూసి ఒకే ఒక ప్రశ్న అడిగాడు.

"బటను మెత్తగా ఉంది సాయిబు గారూ. ఊరికే వెలిగి ఛార్జింగు అయిపోదు కదా?"

"లేదండీ. మీరు నొక్కితేనే వెలుగుతుంది."

నొక్కితే వెలుగుతుంది అంటే సరిపోయేది. చివర చేరిన ఆ ఏకారం అవధారణార్థకం. ఆ ఒక్క అక్షరం మిగిలిన తలుపులన్నీ మూసేస్తుంది. నొక్కకపోతే వెలగదు అని పూచీ పడుతుంది. హిదాయతుల్లా ఆ అక్షరాన్ని ఎవరూ అడగకుండా తానై చేర్చాడు.

ఆషాఢంలో వానలు మొదలయ్యాయి. ఒక తెల్లవారుజామున చేపలు పైకి తేలుతున్నాయేమో చూడడానికి రామబ్రహ్మం గట్టు మీదికి వెళ్ళి, అడుగు తీసి అడుగు వేసేముందు టార్చి బటను నొక్కాడు. అది వెలగలేదు. ఇంకోసారి నొక్కుతూనే అడుగు వేశాడు. ఆ అడుగు కింద రక్తపింజరి ఉంది.

కబురు విని హిదాయతుల్లా కొట్టుకు తాళం వేసి గుడివాడ ఆసుపత్రికి వెళ్ళాడు. ప్రాణానికి గండం గడిచిందని అప్పటికే చెప్పారు. కాలు మోకాలి దాకా వాచి ఉంది. రామబ్రహ్మం కోపంగా ఏమీ అనలేదు. అరిచి ఉంటే బాగుండేదని హిదాయతుల్లా తర్వాత నాతో అన్నాడు.

"నొక్కితేనే అన్నావు కదయ్యా" అన్నాడు రామబ్రహ్మం. "ముందురోజు సాయంత్రమే ఛార్జింగు పెట్టాను. వాడనేలేదు. పొద్దున చూస్తే చచ్చిపోయి ఉంది. నేను నొక్కకుండా ఎట్టా వెలిగిందో, ఎప్పుడు ఆరిందో నాకు తెలవదు."

హిదాయతుల్లా ఆ టార్చిని ఇంటికి తెచ్చి విప్పి చూశాడు. స్ప్రింగు బాగుంది, బటను బాగుంది, బ్యాటరీ బాగుంది. మిగతా ఇరవై ముగ్గురికీ ఫోను చేస్తే సగానికి పైగా ఒకే మాట చెప్పారు: "అప్పుడప్పుడూ దానంతట అదే వెలుగుద్దండీ." వాళ్ళు దాన్ని టార్చికి పుట్టుకతో వచ్చిన గుణం అనుకుని ఊరుకున్నారు. వానలు ఇంకా రెండు నెలలు ఉంటాయి. గట్ల మీద పాములు తిరిగే కాలం అదే. ఇరవై మూడు టార్చిలు ఏ క్షణాన వెలిగి, ఏ క్షణాన ఆరిపోయి, ఏ అడుగు ముందు మొరాయిస్తాయో అన్న తలంపు అతణ్ణి కూర్చోనివ్వలేదు.

"పడుకుంటే లేస్తున్నారు, లేస్తే నడుస్తున్నారు, నడిస్తే జేబు తడుముకుంటున్నారు" అని అతని భార్య నాగూర్ బీ మా వీధిలో చీర ఫాల్సు ఇవ్వడానికి వచ్చినప్పుడు నాతో చెప్పుకుంది. "ఇంట్లో అన్నం కూడా నిలబడే తింటున్నారు, టీచరమ్మా."

ఆ మర్నాడే అతడు మా అరుగు మీద ప్రత్యక్షమయ్యాడు. కాఫీ ఇచ్చాను. గ్లాసు చేత్తో పట్టుకుని అటూ ఇటూ పచారు చేయసాగాడు.

"అందరూ దానంతట అదే వెలుగుతోందంటున్నారండీ."

"దానంతట అదే వెలగడానికి అది మిణుగురు పురుగా?"

"కాదండీ."

"బటను ఉన్న వస్తువు వెలిగిందంటే దాని వెనక నొక్కడం ఉంది. నొక్కడం సకర్మక క్రియ. కర్మ బటను. మరి కర్త ఎవరు?"

"అదే తెలియడం లేదండీ."

"అయితే నీ వాక్యం పూర్తి కాలేదు. వెళ్ళి కర్తను వెతుకు. ముందు ఆ కాఫీ తాగు, చల్లారిపోతోంది."

సగం తాగి, గ్లాసు గట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

అతడు వెతకడం మొదలుపెట్టింది తన జేబులోనే. ప్యాంటు జేబులో టార్చితోపాటు తాళాలగుత్తి, చిల్లర, దువ్వెన, గడియారం విప్పే చిన్న స్క్రూడ్రైవరు వేసుకుని బస్టాండు నుంచి బందరు కోట దాకా నడిచాడు. మెట్లెక్కాడు, దిగాడు, సైకిలు తొక్కాడు. అరగంటకోసారి జేబులోకి తొంగి చూశాడు. వారం రోజులు తిరిగినా టార్చి ఒక్కసారి కూడా వెలగలేదు. జేబులో అది అడ్డంగా పడుకుంటోంది. తాళాలు పక్కనుంచి గీకుతున్నాయి తప్ప వెనక బటను జోలికి పోవడం లేదు. అతని నిలకడ పూర్తిగా పోయింది. బాగుచేయమని ఇచ్చిన గోడగడియారానికి చిన్న ముల్లు బిగించడం మరిచి ఇచ్చేశాడు. ముప్పై ఏళ్ళలో అలా జరగడం అదే మొదలు.

శ్రావణం వచ్చింది. మొదటి సోమవారం పొద్దున్నే బస్సెక్కి పెడన, గుడివాడ మీదుగా ముదినేపల్లి చేరి, చెరువుల గట్టున నడిచాడు. దూరంగా ఒక గట్టు మీద, కాపలావాళ్ళలో ఒకరైన వెంకట్రామయ్య గొంతుకూర్చుని, నీళ్ళలోకి వంగి, గెడకు కట్టిన మేత సంచి ఖాళీ అయిందో లేదో చూస్తున్నాడు. ఒంటి మీద చొక్కా లేదు. లుంగీ మోకాళ్ళ పైకి మడిచి కట్టి ఉంది. నడుము దగ్గర, లుంగీ మడతల వెనక, తెల్లగా ఒక వెలుగు.

"వెంకట్రామయ్య గారూ, కదలకండి!" అని హిదాయతుల్లా కేకపెట్టాడు.

కదలవద్దన్న మాట పాము అన్న మాటలా వినిపించి వెంకట్రామయ్య ఒక్క గెంతులో గట్టు అవతల పడ్డాడు.

"ఎక్కడ? ఎక్కడయ్యా?"

"పాము కాదండీ. మీ రొంటిన టార్చి వెలుగుతోంది."

"ఓస్, అదా! దానికది అలవాటేగా. నా గుండె జారిపోయింది గదయ్యా సాయిబూ. పాము కరవకపోయినా నువ్వు చంపేసేట్టున్నావు."

"టార్చి జేబులో పెట్టుకోరా మీరు?"

"జేబా? చొక్కాయే లేదు, జేబెక్కడిది?"

పొలం పనిలో, చెరువు పనిలో ఉన్న మన మగవాళ్ళకు జేబు రొంటే. పంచెకో లుంగీకో నడుము దగ్గర వేసిన మడతలో బీడీకట్ట నుంచి డబ్బు దాకా అన్నీ దోపుకుంటారు. ఆ సంగతి హిదాయతుల్లాకు తెలియనిది కాదు. అతని తాత రొంటిన పొడుం డబ్బీ ఉండేది. కానీ పెట్టె మీద ఎవరో పాకెట్ అని అచ్చు వేశారు. ప్యాంటు తొడుక్కుని బల్ల వెనక కూర్చున్న అతడు దాన్ని ఉన్నదున్నట్టు నమ్మాడు.

వెంకట్రామయ్యను పదిసార్లు కూర్చోబెట్టి, పదిసార్లు లేపాడు. టార్చి రొంటిన నిలువుగా దిగుతుంది. అద్దం కిందికి, బటను పైకి. మనిషి గొంతుకూర్చుని ముందుకు వంగగానే పొట్ట మడత వచ్చి బటను మీద కూర్చుంటుంది. అది వెలుగుతుంది. పట్టపగలు లుంగీ మడతలో వెలిగే వెలుగు, దానికోసమే వెతికేవాడికి తప్ప ఎవరి కంటా పడదు. లేచి ఇంటికి పోయి పడుకున్నా అది వెలుగుతూనే ఉంటుంది.

గట్టు మీద నుంచే నాకు ఫోను చేశాడు. "టీచరుగారూ, కర్త దొరికాడండీ."

"ఎవరు?"

"పొట్ట."

నేను నవ్వాను. అతడు నవ్వలేదు. "అంటే వాళ్ళే నొక్కారన్నమాట. నేను చెప్పింది అబద్ధం కాదన్నమాట. అంతేనాండీ?" అన్నాడు. ఆ గొంతులో నన్ను ఒప్పించాలన్న ఆశ ఉంది. ఒప్పుకోవద్దన్న వేడుకోలూ ఉంది.

"వాక్యంలో తప్పు లేదు, హిదాయత్. దాన్ని ఎక్కడ పెట్టుకుంటారని వాళ్ళను అడిగావా?"

"అడగలేదండీ" అని ఫోను పెట్టేశాడు.

కర్త తెలిశాక అతని తొందర ఇంకా పెరిగింది. బందరు చేరగానే పక్క టిఫిను కొట్టు రామ్‌ప్రసాద్ దగ్గరికి వెళ్ళాడు. ఇద్దరిదీ పాతికేళ్ళ ఇరుగుపొరుగు. ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. రామ్‌ప్రసాద్ లుంగీ కడతాడు. అంతకంటే ముఖ్యంగా, అతని పొట్టకు బస్టాండులో పేరుంది.

"నీ ప్రయోగాలకు నా పొట్టే దొరికిందా, బావా?"

"నాకు లేదు కదా బావా. ఉంటే నిన్నెందుకు అడుగుతాను?"

మొదటి ఉపాయం సులువైనది. టార్చి వెనక మూతను పావు చుట్టు వదులు చేస్తే లోపల తీగ తగలదు. బటను ఎంత నొక్కినా వెలగదు. కావలసినప్పుడు బిగించుకుంటే చాలు. రామ్‌ప్రసాద్ అలా వదులు చేసిన టార్చిని రొంటిన దోపుకుని పొద్దుట వ్యాపారం మొదలుపెట్టాడు. ఎనిమిదింటి వేళ ఒక బేరగాడు సాంబారు గిన్నెలో చెంచా ఆపి అడిగాడు.

"మునక్కాయ ఇంత గట్టిగా ఉందేంటయ్యా? ముదిరిందా?"

అది మునక్కాయ కాదు, టార్చి మూత. వదులు చేసింది కాస్తా నడకకు ఇంకాస్త వదులై, వంగినప్పుడు ఊడి సాంబారులో పడింది. చెరువు గట్టున అయితే నీళ్ళలో పడేది. రామ్‌ప్రసాద్ ఆ పూట సాంబారంతా పారబోసి, రెండు రోజులు హిదాయతుల్లాతో మాట్లాడలేదు.

రెండో ఉపాయం నాగూర్ బీ కుట్టింది. గుండీ పెట్టిన మందపు గుడ్డ సంచి. కుట్టి, చెయ్యి తడుపుకుని, తానే గుండీ విప్పి చూసింది. రెండుసార్లు జారిపోయింది.

"ఈ గుండీ విప్పేలోపు పాము కరిచి, ఇంటికెళ్ళి పడుకుంటుంది" అని సంచిని విసిరి కొట్టింది.

మూడో ఉపాయం రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ అతడు ముదినేపల్లికి పొద్దునా సాయంత్రం ఫోను చేసి, ఇరవై ముగ్గురినీ టార్చిలు చేత్తోనే పట్టుకోమని, రొంటిన పెట్టవద్దని చెబుతూ వచ్చాడు. సరేనండీ అనేవారు. చేతుల్లో మేత బస్తాలున్న మనిషి టార్చిని చేత్తో ఎలా పట్టుకుంటాడు? ఫోను పెట్టేయగానే అది మళ్ళీ రొంటికే వెళుతుందని అతనికీ తెలుసు.

అయిదో రోజు రామ్‌ప్రసాద్ కోపం తగ్గి మంచినీళ్ళకు పిలిచాడు. కొట్టు మూల మట్టి కుండ ఉంది, దాని కింద ఎండుగడ్డి పేనిన చుట్టకుదురు. హిదాయతుల్లా నీళ్ళు ముంచబోయి, చెంబు కుండలోనే వదిలి, నేల మీద చతికిలబడి ఆ చుట్టకుదురును చూడసాగాడు.

"ఏమైంది బావా? కళ్ళు తిరిగాయా?"

"కుండ పొట్ట నేలను తాకడం లేదు బావా."

"చుట్టకుదురు ఉన్నది అందుకే కదా. దీనికి ఇంత చదువు కావాలా?"

బటను చుట్టూ ఒక చుట్టకుదురు ఉంటే పొట్ట దాని మీద కూర్చుంటుంది. లోపలికి దిగలేదు. బొటనవేలి కొస మాత్రం దిగుతుంది. అంతే ఉపాయం. ముప్పై ఏళ్ళు వెంట్రుక మందం పళ్ళచక్రాలతో మెలిగినవాడికి రబ్బరు గొట్టం కోసి ఉంగరాలు చేయడం లెక్కలోనిది కాదు. కష్టమంతా ఎత్తు దగ్గర వచ్చింది. మొదటి ఉంగరం పొడవై వేలు కూడా అందలేదు. రెండోది పొట్టిదై రామ్‌ప్రసాద్ వంగగానే లుంగీ వెలిగింది. "నీ బొడ్డు వెలిగింది బావా" అని హిదాయతుల్లా దిగాలుగా అంటే, టిఫిను తింటున్నవాళ్ళకు పొలమారింది. రెండింటికీ నడుమ గోరు మందంలో మూడోది కుదిరింది. రామ్‌ప్రసాద్ చేత నలభైసార్లు గుంజీలు తీయించాడు.

"ఇంక నావల్ల కాదు బావా. నన్ను లేపాలంటే క్రేను పిలిపించు."

నలభైసార్లలో ఒక్కసారి కూడా వెలగలేదు. ఆ పూట హిదాయతుల్లా కూర్చుని అన్నం తిన్నాడని నాగూర్ బీ చెప్పింది. ముద్ద నోట్లో ఉండగానే ఉంగరాలు కోయడానికి లేచాడని కూడా చెప్పింది.

మర్నాడు తొలి బస్సుకే వెళ్ళాడు. మొదటి ఉంగరం రామబ్రహ్మం టార్చికి బిగించాడు. ఆయన ఇంటికి వచ్చి ఇరవై రోజులైంది. మంచం మీద కాలు చాపుకుని ఉన్నాడు.

"నాకు తొందరేముందయ్యా? గట్టెక్కాను గానీ ఇంకా గట్టు ఎక్కలేదు" అన్నాడు.

ఆ మాటకు ఇంట్లోవాళ్ళు నవ్వారు. రామబ్రహ్మం టార్చిని రొంటిన దోపుకుని, మంచం మీదే ముందుకు వంగి చూశాడు. వెలగలేదు. బొటనవేలితో నొక్కాడు. వెలిగింది. ఆర్పి తలగడ పక్కన పెట్టుకుని, "మిగతావాళ్ళవి చూడు" అన్నాడు.

మధ్యాహ్నానికి చెరువు చెరువుకూ తిరిగి ఇరవై మూడు టార్చిలకు ఉంగరాలు బిగించాడు. ఇరవై నాలుగోది వెంకట్రామయ్యది. ఆయన ముందురోజే హంసలదీవిలో ఉన్న చెల్లెలు రాఘవమ్మ ఇంటికి వెళ్ళాడని, పదిహేను రోజుల దాకా రాడని, టార్చి వెంట తీసుకువెళ్ళాడని చెప్పారు. హంసలదీవిలో ఉన్నన్నాళ్ళూ సాయంత్రం పూట మడచెట్ల నడుమ పాయ గట్టునే నడిచి, బావగారు వేసిన పీతల వలలు చూసి రావడం ఆయన అలవాటట. హిదాయతుల్లా రామబ్రహ్మం ఇంటికి తిరిగివచ్చి, ఆయన మంచం పక్క నుంచే ఫోను చేశాడు. అవతల సముద్రపు గాలి హోరు.

"వెంకట్రామయ్య గారూ! టార్చి రొంటిన పెట్టకండి! చొక్కా జేబులో వేసుకోండి!"

"ఏంటీ? గాలయ్యా ఇక్కడ! టార్చి వేసుకోమంటావా?"

"అవునండీ, వేసుకోండి! నేను వస్తున్నాను. వచ్చేదాకా తీయకండి!"

"సరే సరే, తియ్యను!"

ఫోను కట్ అయింది. రామబ్రహ్మం వింటున్నాడు. "చెప్పావు కదయ్యా, చాలదూ? రేపు వెళ్ళొచ్చు."

"మీ దగ్గరా చెప్పే ఊరుకున్నానండీ" అని హిదాయతుల్లా సంచి భుజాన వేసుకున్నాడు.

గుడివాడలో బస్సు మారాడు. బందరులో అవనిగడ్డ బస్సు పది నిమిషాలు ఆగినా, తన కొట్టు కనిపిస్తున్నా దిగలేదు. రామ్‌ప్రసాద్ కిటికీలోంచి ఇడ్లీ పొట్లం అందించాడు. అది చల్లపల్లి దాటేదాకా ఒళ్ళోనే ఉండి, విప్పకుండానే సంచిలోకి వెళ్ళింది. గడియారాలు బాగుచేసే మనిషి ఆ పూట చేతి గడియారం వైపు చూడలేదు. పడమటి కిటికీ వైపు జరిగి, వరినాట్ల మీద సూర్యుడు ఎంత ఎత్తున ఉన్నాడో చూస్తూ కూర్చున్నాడు. మోపిదేవిలో తాటిచెట్టు ఎత్తున ఉన్నాడు. కోడూరులో ఆటో ఎక్కేసరికి కొబ్బరిచెట్ల మొవ్వుల్లోకి దిగాడు. ఆటో డ్రైవరును రెండుసార్లు త్వరగా పొమ్మని, మూడోసారి అడగబోయి గుంతలు చూసి ఆగాడు.

రాఘవమ్మ వాకిట్లోనే ఎదురైంది.

"మీరేనా అండీ ఆ టార్చి సాయిబు గారు? మా అన్నయ్యకేం చెప్పారండీ? మధ్యాహ్నం నుంచి మిట్ట ఎండలో టార్చి వేసుకుని పాయ గట్టున కూర్చున్నాడు. అన్నానికి పిలిస్తే రాలేదు. మతి పోయిందేమోనని మా ఆయన దిష్టి కూడా తీశాడు."

హిదాయతుల్లాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక పరుగెత్తాడు.

గాలి హోరులో "చొక్కా జేబులో" అన్న రెండు మాటలూ కొట్టుకుపోయాయి. టార్చి వేసుకోండి, వచ్చేదాకా తీయకండి అన్నవి మిగిలాయి. మన సీమలో లైటు వేయడం అంటే వెలిగించడం, తీయడం అంటే ఆర్పడం. జేబులో వేసినా వేయడమే, జేబులోంచి తీసినా తీయడమే. చిన్న తరగతుల్లో నానార్థాలు చెప్పేటప్పుడు ఈ రెండు క్రియలనూ నేనే నల్లబల్ల మీద రాసి చూపించేదాన్ని. వెంకట్రామయ్య మాట తప్పని మనిషి. వెలిగించి, ఆర్పకుండా, చెప్పినవాడు వచ్చేదాకా కాచుకుని ఉన్నాడు.

పాయ గట్టున బోర్లించిన పడవ మీద ఆయన కూర్చుని ఉన్నాడు. ఆరిపోయిన టార్చి పిడికిట్లో నిలువుగా ఉంది. సూర్యుడు దిగిపోయాడు. మడచెట్ల కింద అప్పటికే మసక.

"వచ్చావా? నువ్వొచ్చేటప్పుడు ఆనవాలు కోసం వేసుకోమన్నావేమో అనుకున్నా. తియ్యొద్దన్నావ్, నేను తియ్యలా. నాలుగింటికి అదే పోయింది. ఇందులో నా తప్పేం లేదు."

"వల దగ్గరికి వెళ్ళలేదు కదండీ?"

"ఎట్టా పోతాను? చీకటి పడతంది, చేతిలో లైటు లేదు. నువ్వు చూస్తే వస్తానని చెప్పి రావాయె."

హిదాయతుల్లా పడవ మీద ఆయన పక్కన కూలబడ్డాడు. మొదట నవ్వు వచ్చింది, ఆ వెంటనే ఆగిపోయింది. టార్చి ఆరిపోకుండా చూడడానికి వచ్చినవాడు తానే దాన్ని ఫోనులో ఆర్పేశాడు. ఈ మనిషి పట్టుదల లేనివాడై, సరేలే అని ఆ చచ్చిన టార్చితో గట్టు మీద నడిచి ఉంటే? రామబ్రహ్మం అన్నట్టు, ఎట్టా వెలిగిందో ఎప్పుడు ఆరిందో తెలియదని ఈయనా ఆసుపత్రి మంచం మీద నుంచి చెప్పి ఉండేవాడు.

సంచిలోంచి తన సొంత టార్చి బయటికి తీశాడు. రామ్‌ప్రసాద్ పొట్ట మీద నలభైసార్లు నిలిచిన ఉంగరం దానికే ఉంది. వెంకట్రామయ్య చేతికి ఇచ్చి, ఎక్కడ పెట్టుకుంటారో పెట్టుకోమన్నాడు. ఆయన అలవాటు కొద్దీ రొంటిన దోపుకున్నాడు.

"కూర్చోండి."

"మళ్ళీ గుంజీలా? అన్నం తినలేదయ్యా పొద్దుటి నుంచి."

"నేనూ తినలేదండీ. కూర్చోండి."

వెంకట్రామయ్య గొంతుకూర్చుని, ముందుకు వంగి, లేచాడు. మూడుసార్లు. మసకలో లుంగీ మడత నల్లగానే ఉంది.

"ఇప్పుడనవయ్యా ఆ మాట. నొక్కితేనే అని."

హిదాయతుల్లా ఆయన రొంటి వైపు వేలు చూపించాడు. "మీరు నొక్కండి" అన్నాడు. వెంకట్రామయ్య టార్చి చేతిలోకి తీసుకుని బొటనవేలి కొసతో నొక్కాడు. గట్టు మీద దారి తెల్లగా పడింది. ఆయన ముందు, అతడు వెనక, ఒక్కొక్క అడుగూ చూసుకుంటూ ఇంటికి నడిచారు. ఇడ్లీ పొట్లం ఆ ఇంట్లో విప్పారట. పాచిపోయి ఉంటే రాఘవమ్మ పారేసి వేడి అన్నం పెట్టింది.

రెండో రోజున అతడు కాగితం, కలం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. టార్చితోపాటు ఇవ్వడానికి చీటీ రాసిపెట్టమన్నాడు.

"వేయడం, తీయడం రెండూ రాకూడదండీ అందులో."

వెలిగించండి, ఆర్పండి, పెట్టుకోండి, బయటికి తీసుకోండి అని ఒక్కొక్క పనికి ఒక్కొక్క క్రియ వెతికి నాలుగు వాక్యాలు రాశాను. అయిదో వాక్యం అతడే చెప్పాడు: రోజూ సాయంత్రం ఒకసారి వెలిగించి చూసుకోండి. నొక్కితేనే అన్న మాట చేర్చమంటావా అని అడిగాను. వద్దండీ అన్నాడు. కాఫీ మాత్రం పూర్తిగా తాగాడు, నిలబడే.

కొట్టు మీద పలక అలాగే ఉంది. కింద మాత్రం ఒక కొత్త పద్ధతి వచ్చింది. టార్చి కొనడానికి ఎవరు వచ్చినా, ఎక్కడ పెట్టుకుంటారండీ అని ముందు అడుగుతాడు. చెప్పినచోట పెట్టించి, బస్టాండు జనం చూస్తుండగా మూడుసార్లు కూర్చోబెట్టి లేపుతాడు. మొహమాటపడేవాళ్ళున్నారు, కోప్పడేవాళ్ళున్నారు. అతడు వదలడు. మొన్న నేను మందులకు వెళ్ళేసరికి నల్లకోటు వేసుకున్న ప్లీడరు గారొకరు సంచి పక్కన పెట్టి, కొట్టు ముందు గొంతుకూర్చుని ఉన్నారు. రామ్‌ప్రసాద్ అట్లకాడ పట్టుకుని పక్క నుంచి లెక్కపెడుతున్నాడు.

"రెండయ్యాయండీ. ఇంకొక్కటి."